ప్రాతోలో ఎవరికి పెళ్ళి

ఫెరారా,
2018 ఫిబ్రవరి 20

ఎర్సిలియా అత్తయ్యకు,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. వంటింటి కుర్చీలో కూర్చుని చదువు. మరమగ్గాల మోత నీ చెవుల్ని తినెయ్యకపోతే నిన్ననే ఫోనులో అరిచి చెప్పేదాన్ని.

ఉద్యోగం వచ్చింది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో, విదేశాల నుంచి వచ్చిన పిల్లలకు 'ఈనాటి ఇటలీ: సంస్కృతి, సమాజం' అని ఒక కోర్సు చెప్పాలి. ఇరవై రెండు మంది, పదమూడు దేశాలు. మే నెలాఖరు దాకానే అనుకో. తర్వాత ఉంచుతారో పంపుతారో మా శాఖాధిపతి బొన్ఫాంతి గారి చేతిలో ఉంది. ఆయన మొదటిరోజే చెప్పారు: "అమ్మా ఇలారియా, అందమైన దేశం మనది. అందంగా చూపించండి. చాలు."

అందంగానే చూపించాను. గోపురాలు, చిత్తరువులు, మిలాను దుస్తులు, ఎర్ర కార్లు, అన్నీ తెర మీద వేశాను. యూనా అని కొరియా అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఇవన్నీ మా ఊళ్ళో పోస్టర్ల మీదే చూశాం. మా కిందింటి ఆవిడ నన్ను చూడగానే తలుపెందుకు వేసుకుంటుంది? మా వీధి బేకరీ అమ్మాయి రెండు డిగ్రీలు చదివి రొట్టెలెందుకు అమ్ముతోంది? అవి చెబుతారా?" అంది. క్లాసంతా నా వైపే చూసింది. నా దగ్గర ఆ బొమ్మ లేదు.

ఇంటికొచ్చి, రాసుకున్న పాఠాలన్నీ చింపేశాను. ఇంత హుషారు ఎప్పుడూ లేదు అత్తయ్యా. ఇకమీదట వారానికి ఒక విషయం, దానికి బతికున్న మనిషి ఒకరు. 1974లో విడాకుల మీద జరిగిన ఓటింగు గురించి నీ కంటే ఎవరికి తెలుసు? నీ సంగతి రాసి పంపితే క్లాసులో చదువుతాను. పాత తరం ఇటలీకి నువ్వు మంచి నమూనావి.

నాన్న పియోంబినోలో బాగానే ఉన్నాడు. "ప్రాతో ఎలా ఉంది?" అని అడిగాడు, ఊరి గురించి అడిగినట్టే. నీ పేరు మాత్రం ఎప్పట్లాగే నోట రాలేదు.

ప్రేమతో,
ఇలారియా


ప్రాతో,
మార్చి 4

అమ్మాయీ ఇలారియా,

కూర్చునే చదివాను. తర్వాత లేచి మెట్ల దగ్గరికెళ్ళి మూడంతస్తులకూ వినపడేలా చెప్పాను. కింది వాటాలో రెన్జో సీసా తెరిచాడు. రంగుల మిల్లులో నలభై ఏళ్ళు చేశాడు, ఇప్పటికీ గోళ్ళలో నీలం వదల్లేదు, ఆ చేత్తోనే అందరికీ పోశాడు. పై అంతస్తు హు వారి పిల్ల జాడా పరిగెత్తుకొచ్చి నన్ను గిరగిరా తిప్పింది. తెలుసుగా, కుట్టుపని వాళ్ళ కూతురు, నేను ఎత్తుకుని పెంచిన పిల్ల.

సంతోషం అయిపోయింది. ఇక తిట్లు. నమూనానా నేను? గాజుపెట్టెలో కూర్చోబెట్టి కింద చీటీ అంటిస్తావా? 'విడాకులు తీసుకున్న స్త్రీ. ఉన్ని మిల్లు రకం. ముట్టుకోరాదు.' నలభై నాలుగేళ్ళు మీ నాన్న నాతో మాట్లాడకుండా ఊరుకున్నాడు. నువ్వేమో ఇరవై రెండు మంది ముందు నన్ను మాట్లాడిస్తానంటావు. రాయను.

అదీగాక నాకు తీరిక లేదు. ప్రతి మంగళవారం మునిసిపాలిటీ చుట్టూ తిరుగుతున్నాను. రెన్జో గొడుగు పట్టుకుని వెంట వస్తాడు. జనన పత్రం, నివాస పత్రం, ముద్ర మీద ముద్ర. ఈ వయసులో ఈవిడకిదేం పని అని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ముందే చెబితే పని చెడుతుంది, నీకూ చెప్పను. కాగితాలు కుదిరితే మే పదకొండు, శుక్రవారం, పొద్దున పదిన్నరకు పెద్ద హాల్లో. అధికారి భుజానికి జెండా మూడురంగుల పట్టీ వేసుకుని నిలబడతాడు. మంచి గుడ్డలు వేసుకుని రా. మీ నాన్నకు మాత్రం చెప్పకు.

ఇట్లు,
పాత తరం నమూనా


ఫెరారా,
మార్చి 13

అత్తయ్యా,

ఆ మాట రాసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది. నమూనావి కాదు. క్షమించు. నీ సంగతి ఇక అడగను.

కానీ నీ ఉత్తరం చివరి భాగం మూడుసార్లు చదివాను. మంగళవారాలు, గొడుగు, జనన పత్రం, మూడురంగుల పట్టీ. నేను చిన్నపిల్లనా అర్థం కాకపోవడానికి? ముందే చెబితే చెడుతుందన్నావు కాబట్టి ఆ మాట రాయను. రెన్జో గారు చాలా మంచివారు. ఈ వయసులో ఇంత ధైర్యం చేశావని తలుచుకుంటే నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నవ్వేవాళ్ళను నవ్వనీ.

ఇక్కడి కబుర్లు విను. గురువారం బస్సుల సమ్మె. పిల్లలు తడిసి ముద్దై, విసుక్కుంటూ వచ్చారు. పాఠం ఆపేసి అందర్నీ మళ్ళీ బస్‌స్టాపుకే తీసుకుపోయాను. బస్సు రాదని తెలిసి కూడా అక్కడ జనం ఉన్నారు, తిట్టుకోవడానికి. ఆఫీసులు తుడిచే ఒకావిడ సమ్మె ఎందుకు తప్పో చెప్పింది, ముసలాయన ఎందుకు ఒప్పో చెప్పాడు, ఇద్దరూ గంటసేపు పోట్లాడుకుని చివరికి ఒకే గొడుగు కింద నడిచి వెళ్ళిపోయారు. మా పిల్లలు నోట్సు రాసుకుంటూనే ఉన్నారు.

నిన్న యూనా తన బేకరీ అమ్మాయిని క్లాసుకు తీసుకొచ్చింది. ముప్పై ఒకటో ఏడు, ఇంకా అమ్మానాన్నల దగ్గరే. తొర్బెన్ అనే డెన్మార్క్ కుర్రాడు, "మా దేశంలో పద్దెనిమిది రాగానే ఇల్లు వదిలేస్తాం" అన్నాడు. ఆ అమ్మాయి తాపీగా, "మా అమ్మ వంట తిని ఉంటే నువ్వూ వదలవులే నాయనా" అంది. తర్వాత జీతం ఎంతో చెప్పింది, అద్దె ఎంతో చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

బొన్ఫాంతి గారు నన్ను పిలిపించారు. "బస్‌స్టాపు పాఠ్యప్రణాళికలో ఉందా? పరాయివాళ్ళ ముందు ఇంటి గుట్టు వీధిలో పెడతారా?" అన్నారు. "వాళ్ళు ఆ ఇంట్లోనే అద్దెకుంటున్నారండీ" అన్నాను. ఆయన ముఖం చూస్తే మే తర్వాత నాకు పని ఉండేలా లేదు. అయినా ఇంత బాగా ఎన్నడూ నిద్ర లేవలేదు నేను.

నీ ఇలారియా


ప్రాతో,
మార్చి 29

ఇలారియా తల్లీ,

నీకు ఎవరు చెప్పారో గానీ, తెలిసిపోవడం మంచిదే అయింది. గుండెలో బరువు సగం తగ్గింది. రెన్జో మంచివాడే. కాకపోతే గుమాస్తాల మీద అరుస్తాడు, నేను కోటు పట్టుకుని లాగాలి. గడువు మే పంతొమ్మిది. అది దాటితే మళ్ళీ ఎన్నేళ్ళు పడుతుందో. ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది. అది దొరక్కపోతే అన్నీ ఉన్నా లేనట్టే.

నువ్వు అంత సంతోషంగా రాశావని నా కోపం పోయింది. అందుకని నువ్వు ఇక అడగనన్న సంగతి నేనే రాస్తున్నాను.

ఇరవై ఒకటో ఏట పెళ్ళి చేసుకున్నాను, ఇరవై రెండో ఏట ఇల్లు వదిలాను. ఎందుకు వదిలానో వాన పడ్డప్పుడల్లా నా ఎడమ మణికట్టు చెబుతుంది. అప్పటి చట్టం ప్రకారం విడాకులకు అయిదేళ్ళు విడిగా ఉండాలి. మూడో ఏడు నడుస్తుండగా అసలు ఆ చట్టమే రద్దు చెయ్యాలని దేశమంతా ఓటింగు పెట్టారు. రద్దయితే చచ్చేదాకా నేను ఆయన భార్యనే.

చీటీ మీద ప్రశ్న: 'రద్దు చెయ్యాలా?' అంటే విడాకులు ఉండాలనుకునేవాళ్ళు 'వద్దు' అని గీత పెట్టాలి, విడాకులు వద్దనేవాళ్ళు 'అవును' అని పెట్టాలి. ఊరంతా తికమక. మా అమ్మ రోజూ చర్చికి వెళ్ళే మనిషి. ఫాదరు గారు ఆమెను పక్కకు పిలిచి మరీ చెప్పారు, 'అవును' మీదే గీత పెట్టమని. మీ నాన్న అప్పుడు పంతొమ్మిదేళ్ళవాడు, ఓటు రాలేదు, కానీ మా ఆయన పక్షం. ఓటేసి వచ్చిన అమ్మను గుమ్మంలోనే అడిగాడు, ఏం గీశావని.

"విడాకులు వద్దు కదరా. అందుకని వద్దు అని గీశాను" అంది.

"అమ్మా, తలకిందులు చేశావే" అని తల పట్టుకున్నాడు.

"అయ్యో, చదువు రానిదాన్ని, నాకేం తెలుసు" అంది.

ఇలారియా, మా అమ్మ మూడు వేల పోగుల పడుగులో తెగిన ఒక్క పోగును కళ్ళు మూసుకుని వేలితో పట్టేది. జీవితమంతా కలిపి ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే. పోయేదాకా పొరపాటనే అంది.

మీ నాన్న ఆ వారమే పియోంబినో ఉక్కు మిల్లుకు వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తర్వాత నాకు విడాకులు వచ్చాయి. తమ్ముడు మాత్రం నాకు లేకుండా పోయాడు.

క్లాసులో చదువు. పేరు మార్చకు.

ఎర్సిలియా అత్త


ఫెరారా,
ఏప్రిల్ 17

అత్తయ్యా,

చదివాను. నీ మాటల్లోనే, ఒక్క అక్షరం మార్చకుండా. పోగుల దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కకు ఇచ్చేశాను. మిగతాది యూనా చదివింది, కొరియా యాసలో, తప్పులతో, నా కంటే బాగా. అయిపోయాక తొర్బెన్ చెయ్యెత్తి, "ఆవిడ మణికట్టు ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు. ఈ కోర్సులో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో అదే గొప్ప ప్రశ్న అని నాకు అనిపించింది.

తల తిప్పితే గుమ్మంలో బొన్ఫాంతి గారు. ఎప్పుడొచ్చారో తెలియదు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మా అమ్మ కూడా ఆ రోజు పొరపాటుగానే గీశానని చెప్పింది" అన్నారు. అని వెళ్ళిపోయారు.

ఇక నువ్వు తిట్టే సంగతి. పిల్లలకు మే పదకొండు గురించి చెప్పేశాను. అందరూ వస్తామంటున్నారు. మునిసిపాలిటీ హాలు, పట్టీ కట్టుకున్న అధికారి, అరవై తొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు, ఈనాటి ఇటలీ అంటే ఇంతకంటే ఏముంది? బయటికి వచ్చేటప్పుడు బియ్యం చల్లాలని నేర్పాను. తొర్బెన్ అప్పుడే రెండు కిలోలు కొన్నాడు. రెన్జో గారికి పువ్వుల్లో ఏ రంగు ఇష్టమో రాయి. ఇరవై రెండు మంది ఎక్కువైతే చెప్పు, సగం మందిని ఆపుతాను.

నీ ఇలారియా


ప్రాతో,
మే 3

ఓసి పిచ్చిదానా,

బియ్యం ఎందుకా అనుకుంటూ మళ్ళీ పై వాక్యానికి వెళ్ళాను. పెళ్ళికూతురు అన్న మాట రెండుసార్లు చదివాను. తర్వాత కిందికి దిగి ఉత్తరం రెన్జో చేతికిచ్చాను. చదివి, వెనక్కి చెయ్యిపెట్టి కుర్చీ వెతుక్కున్నాడు. "నన్నడక్కుండానే కుదిర్చేశారా?" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నున్నగా గడ్డం గీసుకుని తిరిగాడు, అది వేరే సంగతి.

ఎవరికీ పెళ్ళి లేదు. మే పదకొండు మా జాడాది.

ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, మా ఆస్పత్రిలో. నోరు తెరిస్తే మా వీధి మాటే, మా వీధి తిట్టే. అయినా కాగితం మీద చైనా దేశస్థురాలు. స్కూలు పిల్లలంతా లండన్ వెళుతుంటే ఇదొక్కతే వీసా కోసం వరసలో నిలబడింది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఒక్కరోజు తేడా లేకుండా ఇక్కడే ఉన్నట్టు రుజువుంటే, పంతొమ్మిది నిండకముందు వచ్చి 'నాకు ఈ దేశపు పౌరసత్వం కావాలి' అని చెప్పుకోవచ్చు. ఈ నెల పంతొమ్మిదికి దానికి పంతొమ్మిది నిండుతాయి.

దానికి నాలుగో ఏడు నడుస్తుండగా వాళ్ళు ఇల్లు మారారు. వాళ్ళమ్మానాన్నలకు అప్పుడు భాష రాదు, కొత్త చిరునామా నమోదు చేయించలేదు. రిజిస్టరులో పదకొండు నెలలు జాడా జాడ లేదు. ఆ పదకొండు నెలలూ బాలవాడి నుంచి రాగానే నా ఒళ్ళోనే ఉండేది. నా మాట సాక్ష్యం కాదట, కాగితం కావాలట. టీకాల పుస్తకంలో ఒక్క తేదీ దొరికింది. బాలవాడి మూసేసి చాలాకాలమైంది, ఇప్పుడది వ్యాయామశాల, జనం బరువులెత్తుతున్నారు.

చివరికి అక్కడ వంట చేసిన ఆవిడ ఇల్లు పట్టుకున్నాం, ఎనభై నాలుగేళ్ళు. "రోజూ ఎవరు తిన్నారో నేను రాసేదాన్ని కదమ్మా, లేకపోతే ఎంత పాస్తా ఉడకెయ్యాలో ఎలా తెలుస్తుంది? ఆ పుస్తకాలు మునిసిపాలిటీ అటక మీద ఉండాలి" అంది. ఆ గది మంగళవారాలే తెరుస్తారు. తొమ్మిది మంగళవారాలు. నేనూ రెన్జో దుమ్ములో కూర్చుని పుస్తకం తర్వాత పుస్తకం తిప్పాం. ఏప్రిల్ ఇరవై నాలుగున దొరికింది. 'హు జాడా, వెన్నతో, టమాటా లేకుండా.' రోజుకొక గీత. పదకొండు నెలలూ. టమాటా అంటే ఏడ్చేది ఆ రోజుల్లో.

గుమాస్తా ఒక్కో గీతా లెక్కపెట్టి, కళ్ళెత్తి, "ఇక్కడే తిన్నది, ఇక్కడిదే" అని ముద్ర వేశాడు. రెన్జో ఈసారి అరవలేదు. వెళ్ళి ఆయన్ని కావలించుకున్నాడు.

ఇరవై రెండు మందినీ తీసుకురా. ఇది పెళ్ళి కంటే ఎక్కువ.

అత్త


ఫెరారా,
మే 8

అత్తయ్యా,

సిగ్గుతో చచ్చిపోయి మళ్ళీ లేచి రాస్తున్నాను. పిల్లలకు నిజం చెప్పాను. యూనా బల్ల ఎక్కినంత పని చేసింది. "అంటే వెళ్తున్నట్టేగా?" అని అందరూ అరిచారు. తొర్బెన్ మాత్రం బియ్యం ఏం చెయ్యాలన్నాడు. తెమ్మన్నాను. బొన్ఫాంతి గారు కూడా వస్తారట. "పరిశీలనకు" అన్నారు, కానీ రైలు టిక్కెట్టు నాకంటే ముందే కొనేశారు.

ఇంకో తప్పు కూడా చేశాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. శుక్రవారం నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ ఇలారియా


ప్రాతో,
మే 14

ఇలారియా తల్లీ,

శుక్రవారం నాలుగింటి రైలుకి మీరంతా వెళ్ళిపోయారు, నీతో మాట్లాడే వీలే దొరకలేదు. నువ్వు పిల్లల వెనక నిలబడ్డావు కాబట్టి నీకు కనపడనిది చెబుతాను.

ముందు వరసలో నా పక్కన జాడా వాళ్ళమ్మ కూర్చుంది. కుట్టుమిషన్లు ఆపి పగటిపూట ఆవిడ బయటికి రావడం పదిహేనేళ్ళలో నేను చూడలేదు. పిల్ల లేచి నిలబడగానే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది, ఆ ఎడమదే. నొప్పి పుట్టేలా పట్టుకుంది. వదిలించుకోబుద్ధి కాలేదు.

అధికారి కాగితం ఇచ్చి చదవమన్నాడు. ఇరవై నాలుగు గంటలూ వాగే పిల్ల కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. దగ్గింది. "నేను ఇటలీ పౌరసత్వం కోరుతున్నాను" అని చదివింది. చదివి ఊరుకుంటే మా జాడా ఎందుకవుతుంది? "ఇప్పటిదాకా నేనెవరినో మీరెవరైనా చెబితే వింటాను" అంది. హాలంతా నవ్వారు. నవ్వు ఆగాక అధికారి, "నువ్వా అమ్మా? ఆలస్యంగా వచ్చిన మా పిల్లవి" అన్నాడు. వాళ్ళమ్మకు ఆ మాట నేనే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, మెల్లగా, చెవిలో. అప్పుడు నా చెయ్యి వదిలింది.

బయట మీ పిల్లలు బియ్యం చల్లుతుంటే ఆవిడ వంగి ఏరుకోవడం నువ్వూ చూశావు. "అన్నం పారేస్తారా?" అంటూ మొదలుపెడితే బొన్ఫాంతి గారు కూడా మోకాళ్ళ మీద కూర్చుని ఏరారు. భోజనాల దగ్గర ఆయన నేను వండిన మాంసం కూరిన సెలరీ కాడలు మూడుసార్లు వడ్డించుకుని, నా వైపు వంగి, "వచ్చే ఏడు కూడా మీ అమ్మాయే చెబుతుంది. సోమవారం కాగితం ఇస్తాను. ఈ లోపల చెప్పకండి, చెడుతుంది" అన్నారు. ఇవాళ సోమవారం. ఈపాటికి నీ చేతిలో ఉండాలి.

ఇప్పుడు నీ ఇంకో తప్పు.

హాలు చివర గోడకానుకుని బూడిదరంగు సూటులో, చేతిలో గ్లాడియోలా పువ్వుల కట్టతో ఒక నెరిసిన మనిషి నిలబడ్డాడు. పక్కింటి వాళ్ళ తాలూకు అనుకున్నాను. ఆయన నన్ను దాటి నేరుగా రెన్జో దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని, "నేను వాస్కో. మా అక్కను బాగా చూసుకోండి" అన్నాడు. రెన్జో పాపం, "అలాగేనండీ" అన్నాడు.

నేను పెళ్ళి చేసుకుంటున్నానని మార్చిలోనే నాన్నకు రాసేశావట. అబద్ధమని తెలిశాక కూడా నోరు మూసుకున్నావట, నిజం చెబితే రాడని. నిన్ను ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

పెళ్ళి లేదని విన్నాక వాడు కట్ట అటూ ఇటూ తిప్పి, "మరి ఈ పువ్వులు?" అన్నాడు. జాడా చనువుగా లాక్కుని, "నాకే, తాతయ్యా" అంది. వాడు కాదనలేదు.

మీరంతా స్టేషనుకు వెళ్ళాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. నేను పళ్ళేలు కడుగుతుంటే వాడు కోటు విప్పి గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. నాలుగైదు పళ్ళేలు అయ్యాయి. నా మంచి చెవి వైపుకి వచ్చి నిలబడ్డాడు. అది ఏ వైపో నువ్వు చెప్పావట.

"ఆ రోజు నేను మెట్ల మీద ఉన్నానక్కా" అన్నాడు. "అంతా విన్నాను. పైకి రాలేదు."

"తెలుసు. కమ్మీల సందులోంచి నీ బూట్లు కనపడ్డాయి."

"బావ నాకు మోపెడ్ కొనిచ్చాడు."

"అదీ తెలుసు. ఎర్రది. పదహారేళ్ళవాడివి, వాస్కో. పైకి వచ్చి ఉంటే నీ చెయ్యి కూడా విరిగేది."

చాలాసేపు అదే పళ్ళెం తుడిచాడు. "విరిగి ఉంటే ఇన్నాళ్ళూ నీ ఇంటికి వచ్చేవాణ్ణి" అన్నాడు.

ఇంకో పళ్ళెం అందించాను.

ఆ సాయంత్రం రైలు ఉంది, ఎక్కలేదు. శనివారం పొద్దున్నే ఉందన్నాడు, అదీ ఎక్కలేదు. నిన్న జాడా వాళ్ళ కిటికీ తలుపు బిగించాడు. ఇప్పుడు కింద రెన్జోతో పేకాడుతున్నాడు, ఓడిపోతున్నట్టున్నాడు, మా అమ్మ పేరు మీద ఒట్లు పెడుతున్నాడు. ఇవాళ్టికి నాలుగో రోజు. నేను వెళ్ళమనలేదు. వాడూ వెళతాననలేదు.

వాడి సూటు ఒక్కటే ఉంది. రెండు చొక్కాలు, లోపలి బట్టలు కొని పంపు.

నీ అత్త,
ఎర్సిలియా